అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూ: బిట్లు బట్టీ కొడితే సాలదబ్బా

పలమనేరు, పుత్తూరు, చంద్రగిరి పక్క పల్లెల్లో గూడా అమెరికాలో అన్నో అక్కో ఉండే ఇండ్లు ఇప్పుడు కొత్తేం గాదు. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేండ్లయితే పౌరసత్వానికి ఎన్‌-400 దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ పైన ఇంటర్వ్యూ. గుబులంతా ఈడనే.

పరీక్ష మారింది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినోళ్లకు 128 ప్రశ్నల జాబితా. ఆఫీసరు 20 దాకా అడగతాడు, 12 కరెక్టుగా చెప్పల్ల. తొమ్మిది తప్పులైతే ఆడికే ఆపేస్తాడు. ముందర 100 ప్రశ్నలే, పది అడిగితే ఆరు చెప్తే సరిపొయ్యేది. యూట్యూబులో ఆ పాత వీడియోలు ఇంకా తిరగతానే ఉండాయి, తేదీ జూసుకోండి.

ఇది మన సచివాలయం పరీక్ష మాదిరి ఏ, బీ, సీ, డీ గాదు. నోటితో అడగతారు, నోటితోనే చెప్పల్ల. సెనేటర్లు 100 మంది అనేది మారదు గానీ, మీ రాష్ట్రం గవర్నరు ఎవురంటే ఆ దినం ఎవురుంటే ఆ పేరే చెప్పల్ల. ఆడ గవర్నరంటే జనం ఓట్లేసి గెలిపించిన మనిషి, మన ముఖ్యమంత్రి లెక్క.

నన్నడిగితే దీనికంటే దరఖాస్తు మింద అడిగేటివే కష్టం. అరెస్టయినావా, పన్ను కట్టినావా, ఆడ ఎప్పుడన్నా ఓటేసినావా, ఎన్ని దినాలు బయట దేశంలో ఉండావు? అర్థంగాకుండా తల ఊపినారంటే కత మారిపోతాది. ఇంకోసారి చెప్పమని అడగడం తప్పేం గాదు. మామిడికాయల కాలమని వచ్చి ఆరు నెల్లు దాటి ఊర్లోనే ఉంటే, ఆడి కాపురం తెగలేదని రుజువు చూపాల్సొస్తాది.

పెద్దోళ్లకు వెసులుబాటు ఉండాది. 50 ఏండ్లు దాటి గ్రీన్‌కార్డు మింద 20 ఏండ్లు, లేకుంటే 55 దాటి 15 ఏండ్లు ఉన్నోళ్లకు ఇంగ్లీషు పరీక్ష లేదు. తర్జుమా చేసే మనిషిని పెట్టుకోని తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. 65 దాటి 20 ఏండ్లు ఉన్నోళ్లు 20 ప్రశ్నలు చదువుకుంటే సాలు. తప్పినా ఇంకో అవకాశం ఇస్తారు.

1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు మనోళ్లకు పౌరసత్వమే లేదనింది. 1946లో చట్టం మారినాకే ఆ తలుపు తెరిచినారు.

ఇంగ ఊర్లో అందరూ అడిగేది ఒకటే: "నాయన చేను పోతాదా?" పోదు. వారసత్వంగా వచ్చే భూమి వస్తాది. కొత్తగా సాగుభూమి కొనే వీలు ఓసీఐ కార్డుకు లేదు, ఎన్నారైగా ఉన్నప్పుడు గూడా లేదు. నిజంగా పొయ్యేది ఈడి పౌరసత్వం. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ప్రమాణం చేసినాక ఇండియా పాస్‌పోర్టు అప్పజెప్పల్ల, ఊర్లో ఓటు గూడా పోతాది.