పోరంబోకు తరంగము

ఒకప్పుడు మన దేశమున ఇంట రేడియో పెట్టె నుంచుకొనవలెనన్న తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెడిది. ఆ చిన్న పుస్తకము పెద్దవారైన శ్రోతలకు జ్ఞాపకముండును. ఆకాశమున మాటలాడుటకే గాదు, వినుటకును అనుమతి కావలసిన కాలమది. నేడో, అదే యింట ఒకరి చేతిలోని ఫోను తాను పట్టిన ఇంటర్నెట్టును ప్రక్కనున్న కంప్యూటరునకు తీగ లేకుండ, బ్లూటూత్ ద్వారా పంచి యిచ్చుచున్నది. ఈ బుల్లి ప్రసారమునకు లైసెన్సు అక్కరలేదు. అక్కరలేకపోవుట తనంత తాను జరిగినది కాదు.

1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీయందు పలుదేశముల ప్రతినిధులు కూడి రేడియో తరంగములను పంపకము చేసికొనిరి. అందు 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమున కొంత భాగము పరిశ్రమలకు, శాస్త్ర వైద్య పరికరములకు విడువబడినది. నేటి మైక్రోవేవ్ పొయ్యి పనిచేయునది అచటనే. పొయ్యిల రొద నడుమ వార్త పంపదలచువారెవ్వరు? కావున అది మన గ్రామములలోని పోరంబోకు నేలవలె ఎవ్వరికి చెందక పడియుండెను. 1985లో అమెరికా ప్రభుత్వపు సమాచార సంఘము, సందేశమును విశాలముగ చెదరగొట్టి తక్కువ శక్తితో పంపువారు లైసెన్సు లేకయే దానిని వాడుకొనవచ్చునని నియమము చేసెను. నా యెరుకలో ఈ చరిత్ర యంతటికిని మూలమైన మలుపు అదియే.

1994లో స్వీడన్ దేశపు లుండ్ పట్టణమున, ఎరిక్సన్ కంపెనీలో యాప్ హార్ట్‌సెన్, స్వెన్ మాటిసన్ అను ఇంజనీర్లు ఆ పోరంబోకున పని ప్రారంభించిరి. ఫోనునకును దాని ఉపకరణములకును నడుమ తీగ తీసివేయుటయే వారి తలంపు. రొద తప్పించుకొనుటకు వారవలంబించిన ఉపాయము ముచ్చటైనది. ఆ ప్రాంతమును 79 చిన్న మార్గములుగా విభజించి, సందేశము క్షణమునకు 1,600 పర్యాయములు ఒక మార్గమునుండి మరియొక మార్గమునకు దుముకునట్లు చేసిరి. ఒకచోట రొద తగిలినను మరుగంతున తప్పించుకొనును. సినిమా తార హెడీ లమార్ 1942లో సంగీతకారుడు జార్జ్ ఆంథీల్‌తో గూడి ఇట్టి గంతుల పద్ధతికి పేటెంటు పొందిన మాట నిజమే. బ్లూటూత్ ఆమె సృష్టియే యనుట మాత్రము అతిశయోక్తి. ఆ యూహ అంతకు ముందును కలదు.

పేరు సంగతి మరియొక వింత. ఇంటెల్ కంపెనీ ఇంజనీరు జిమ్ కార్డక్, పదియవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్ బిరుదును సూచించెను. ఆ బిరుదునకు అర్థము నీలిదంతము. చెదరిన జనమును ఏకము చేసిన రాజు గనుక, ఒకరి యంత్రము నొకరిది పలుకరింపని కంపెనీలకు ఆ పేరు తగునని తలంపు. తాత్కాలికముగ పెట్టిన పేరే నిలిచిపోయినది. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, ఐబిఎం, నోకియా, తోషిబా లొక సంఘముగ చేరి, సభ్యులకు ఈ విద్యను పేటెంటు రుసుము లేకుండ ఇచ్చుట కంగీకరించెను.

తొలినాళ్లలో ఫోను వట్టి వాహకము. కంప్యూటరు దానిచేత ఒక సంఖ్య త్రిప్పించెడిది; వచ్చినది వచ్చినట్లు ఫోను దాటించెడిది. తరువాతి పద్ధతిలో ఫోనే వాకిట నిలిచి, లోపలి యంత్రమునకు చిరునామా నిచ్చి, బయటి లోకముతో తానే వ్యవహరింప నారంభించెను. మన దేశమున 2005లో ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జుల అల్పశక్తి పరికరములకు లైసెన్సు అక్కరలేదని నియమములు వెలువరించెను.

ఆకాశము విడిచిన రుసుమును వాకిట వసూలు చేయజూచినవారు లేకపోలేదు. 2009లో ఆపిల్ కంపెనీ ఐఫోనునకు ఈ పంపకపు సదుపాయము కల్పించెను. అమెరికాలో దానికి సేవ లందించు ఎటిఅండ్‌టి సంస్థ ఒక యేడాది దాని నడ్డగించి, 2010లో నెలకు 20 డాలర్ల అదనపు రుసుముతో అనుమతించెను. ఆ డబ్బునకు అదనముగ ఒక్క చుక్క డేటాయు నీయలేదు! కొన్న నీటిని ఇంటిలో రెండవ బిందెలో పోసినందుకు మరల పన్ను కట్టుమన్నట్లున్నది. వెరిజాన్ సంస్థ, పంపకమునకు తోడ్పడు అనువర్తనములను గూగుల్ అంగడిలో కనబడకుండ చేయించినదన్న ఫిర్యాదు వచ్చెను. ఆ సంస్థ 2008లో వేలమున పొందిన తరంగములకు, వినియోగదారుల యిష్టము నడ్డగింపరాదను షరతు కలదు. అదే సమాచార సంఘము విచారణ జరిపెను. 2012లో సంస్థ 12.5 లక్షల డాలర్లు చెల్లించి, వాడిన మేరకు వెల కట్టు ఖాతాదారులు అదనపు రుసుము లేకయే పంచుకొనవచ్చునని అంగీకరించెను.

నేడు ఈ పనికి వైఫై పద్ధతినే ఎక్కువమంది వాడుచున్నారు. అదియు ఈ పోరంబోకుననే కాపురమున్నది. వేగమున బ్లూటూత్ దానికి సాటిరాదు. 2004 నాటి సవరణ తరువాతను ఈ పంపకమునకు క్షణమునకు మూడు మెగాబిట్లే హద్దు. చేతికందునది అంతకంటె తక్కువ. సినిమా చూచుటకు చాలదు, ఉత్తరమునకు, వార్తలకు చాలును. బ్యాటరీని మాత్రము తక్కువగ త్రాగును. కరెంటు పోయిన రాత్రి, ఫోనులో నాలుగవ వంతు శక్తి మిగిలియున్నప్పుడు, మా యింట పిల్లల దరఖాస్తు పంపుటకు దానినే వాడితిమి.