టీజీ 08 అంటే ఏంటి? నంబర్ ప్లేట్ చదవడం తెలిస్తే ఎంత ఉపయోగమో తెలుసా?

సుచిత్ర సర్కిల్‌లో సిగ్నల్ పడిందంటే చాలు.. టీజీ, టీఎస్, ఏపీ, ఎంహెచ్ బండ్లన్నీ వరసగా కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి ఇదే మరి. ఇలాంటి చోట ఏదైనా బండి గుద్ది ఆగకుండా వెళ్లిపోతే, దాన్ని పట్టించేది నంబర్ ప్లేటే. అందుకే అందులో ఏ భాగం ఏం చెబుతుందో తెలిసి ఉండాలి.

మొదటి రెండు అక్షరాలు: ఇవి రాష్ట్రం కోడ్. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చాక ఏపీ పోయి టీఎస్ వచ్చింది. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ ఇస్తున్నారు. పాత టీఎస్ నంబర్లను మార్చుకోవాల్సిన పనిలేదు.

తర్వాతి రెండు అంకెలు: రిజిస్ట్రేషన్ ఎక్కడ జరిగిందో చెబుతాయి. 07 రంగారెడ్డి, 08 మేడ్చల్, 10 సికింద్రాబాద్. అయితే అంకెలు ఒక్కటే గుర్తుంటే సరిపోదు. టీజీ 07 రంగారెడ్డిది, ఏపీ 07 గుంటూరుది. పైగా ఏపీలో 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే కోడ్‌గా 39 ఇచ్చారు. దాన్ని చూసి జిల్లా చెప్పలేం.

మధ్యలో అక్షరాలు: ఇది సిరీస్. జెడ్ ఉంటే ఆర్టీసీ బస్సు. యూతో మొదలైతే క్యాబ్, లారీ లాంటి ట్రాన్స్‌పోర్ట్ వాహనం.

చివరి నాలుగు అంకెలు: 0001 నుంచి 9999 వరకు వెళ్తాయి. అవి పూర్తయ్యాక సిరీస్ అక్షరం మారుతుంది. అందుకే ఒకే నాలుగంకెల నంబర్ చాలా బండ్లకు ఉంటుంది.

రంగు కూడా ముఖ్యమే: తెలుపు ప్లేట్ సొంత బండికి, పసుపు ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి. ఆకుపచ్చ ఉంటే ఎలక్ట్రిక్. అందులో తెల్ల అక్షరాలైతే సొంతం, పసుపు అక్షరాలైతే ట్రాన్స్‌పోర్ట్.

నంబర్ దొరక్కపోతే ఏమవుతుంది?
గుద్దిన బండి ఏదో తేలకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న హిట్ అండ్ రన్ పథకం కింద మృతుల కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.50 వేలు మాత్రమే వస్తాయి. బండి దొరికితే మాత్రం దాని యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీపై ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయొచ్చు. అక్కడ బాధితుడి వయసు, సంపాదన చూసి పరిహారం లెక్కిస్తారు.

కాబట్టి ప్రమాదం చూస్తే వెంటనే 112కి ఫోన్ చేయండి. నంబర్ మొత్తం అందకపోయినా పర్వాలేదు. రాష్ట్రం కోడ్, చివరి నాలుగు అంకెలు, ప్లేట్ రంగు.. ఈ మూడూ చెప్పినా పోలీసులు వెతకాల్సిన బండ్ల లిస్ట్ బాగా తగ్గిపోతుంది.