మట్టిలో పుట్టిన మందు: రక్తం ఎక్కించుకునే మన సికిల్ సెల్ వాళ్లు తెలుసుకోవాల్సిన చరిత్ర



"రక్తం తక్కువుంది, ఐరన్ మాత్రలు మింగు." మన గూడేల్లో ఈ మాట ఎప్పుడూ వింటూనే ఉంటాం. కానీ సికిల్ సెల్, తలసీమియాతో మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించుకునేవాళ్లకు వచ్చే ముప్పు వేరు. వాళ్ల ఒంట్లో ఇనుము ఎక్కువైపోతుంది. ఒక యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి బయటికి పంపలేదు. మిగిలిందంతా కాలేయంలో, గుండెలో పేరుకుపోతుంది.

దీనికి మందు మట్టిలోంచి వచ్చింది. మట్టిలో ఇనుము బోలెడుంది గానీ తుప్పులాగా ఉంటుంది, నీళ్లలో కరగదు. అందుకే సూక్ష్మజీవులు ఇనుమును గట్టిగా పట్టుకునే పదార్థాలను బయటికి వదిలి, ఇనుముతో సహా మళ్లీ లోపలికి లాక్కుంటాయి. వీటినే సిడెరోఫోర్లు అంటారు.

1950ల చివర్లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ, జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వెతికింది యాంటీబయాటిక్ కోసం. మట్టి సూక్ష్మజీవుల్లో ఫెర్రిమైసిన్ అనేది దొరికింది. దాంతోపాటే దాని పనికి అడ్డుపడే ఫెర్రియాక్సమిన్ కూడా దొరికింది. ఫెర్రిమైసిన్ మందుగా నిలవలేదు. ఆ అడ్డుపడినదాంట్లోంచి ఇనుము తీసేస్తే డెస్‌ఫెర్రియాక్సమిన్ మిగిలింది. ఖాళీ చేతులతో ఉన్న అది ఒంట్లో ఇనుమును పట్టి మూత్రంలో, మలంలో బయటికి తెస్తుంది. 1960ల మొదట్లో 'డెస్ఫెరాల్' పేరుతో వాడకంలోకి వచ్చింది.

అయితే నోటితో మింగితే ఇది సరిగా ఒంటబట్టదు, రక్తంలోనూ ఎక్కువసేపు నిలవదు. 1970ల్లో చిన్న పంపుతో చర్మం కింద మెల్లగా ఎక్కించే పద్ధతి వచ్చింది. రాత్రికి 8 నుంచి 12 గంటలు, వారంలో ఐదారు రాత్రులు! ఆ కష్టంతోనే ఎంతోమంది తలసీమియా పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కానీ పంపూ మందూ కొనలేని ఇళ్లకు అది అందలేదు. తర్వాత మింగే మందులు వచ్చాయి: 1990ల్లో మన దేశంలో డెఫెరిప్రోన్, 2005లో అమెరికాలో డెఫెరాసిరాక్స్. ఇవి ప్రయోగశాలలో తయారైనవే.

ఇంకో సంగతి. డెస్ఫెరాల్ పట్టిన ఇనుమును యెర్సినియా బ్యాక్టీరియా, రైజోపస్ బూజు దొంగిలించి బలపడగలవు. అందుకే ఈ మందు వాడేవాళ్లకు జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇదే దొంగబుద్ధిని ఎరగా వాడి చేసిన యాంటీబయాటిక్ సెఫిడెరోకాల్. బ్యాక్టీరియా ఇనుమనుకుని దాన్ని తనే లోపలికి లాక్కుంటుంది. 2019లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది.

మన దేశంలో ఆదివాసీల్లో సికిల్ సెల్‌ను మొదట 1952లో నీలగిరిలో గుర్తించారు. జాతీయ నిర్మూలన మిషన్ మొదలైంది 2023 జూలైలో. ఈ మధ్యలో ఎన్ని తరాలు పోయాయో మనకు తెలుసు. ఇప్పుడు పరీక్ష చేసి కార్డు ఇస్తే సరిపోదు. మనవాళ్లకు ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో రాసి పెడదాం. ఫెరిటిన్ పరీక్ష అడుగుదాం. పరీక్ష లేకుండా సికిల్ సెల్ రోగికి ఐరన్ మాత్రలు ఇస్తుంటే ఎందుకని అడుగుదాం. ఇనుము ఎక్కువైందని తేలితే దాన్ని తీసే మందు మన ఏజెన్సీ ఆసుపత్రిలోనే ఇవ్వమని అడుగుదాం.