ప్రొసెక్కో, శెంది, సోలాపూర్ చాదర్



పోయిన వారం మన గ్రూపులో ఇటలీలో ఉద్యోగం చేస్తున్న మన పిల్లవాడొకడు ఫోటో పెట్టాడు. సన్నటి పొడుగాటి గ్లాసు, అందులో లేత పసుపు రంగు, అడుగు నుంచి పైకి బుడగల వరుస. కింద "ప్రొసెక్కో" అని రాశాడు. గంటలో ముప్పై మెసేజ్‌లు వచ్చాయి. "సంఘం గ్రూపులో దారు ఫోటోలేంది" అని పెద్దలు, "అది దారు కాదు, వైన్" అని తమ్ముళ్లు. ఒక్కడు మాత్రం పనికొచ్చే ప్రశ్న అడిగాడు. "కాకా, ఇది షాంపేనే కదా? పేరొక్కటే వేరా? రుచి ఎట్లుంటది?" అని. కొట్లాటలో ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. రిటైరైన మనిషిని, నాకు తీరిక ఉంది కాబట్టి రాస్తున్నా. నా చదువంతా సేలంలో తమిళంలో సాగింది, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నా. నా వాక్యం ఎక్కడైనా తమిళంగా వినిపిస్తే సర్దుకుని చదువుకోండి.

ముందు కల్లు సంగతి చెప్తా. బుడగల వైన్ అర్థం కావాలంటే మనవాళ్లకు కల్లు కంటే దగ్గర దారి లేదు.

తాటిచెట్టుకో ఈతచెట్టుకో గీత గీసి కుండ కడితే రాత్రంతా రసం కారుతుంది. ఆ రసంలో చక్కెర ఉంటుంది. గాలిలో, కుండ గోడల్లో ఈస్ట్ అనే కంటికి కనిపించని జీవి ఉంటుంది. అది చక్కెరను తిని రెండు వదులుతుంది, ఒకటి మత్తు, రెండోది గాలి. కల్లు మీద నురగ వచ్చేది ఆ గాలి వల్లే. కుండ లోపల సున్నం పూస్తే ఈస్ట్ పని చేయదు, రసం తియ్యగానే ఉంటుంది. మా సేలంలో దాన్ని పదనీర్ అంటారు, ఇక్కడ నీరా అంటారు. సున్నం లేకపోతే పొద్దున తియ్యన, మధ్యాహ్నం ఘాటు, సాయంత్రం పులుపు, మర్నాటికి వెనిగర్. కుండ మూతి తెరిచే ఉంటుంది కాబట్టి గాలి పోతూనే ఉంటుంది, నురగ నిలవదు.

ఇప్పుడు ఆ కుండకు గట్టిగా మూత బిగించారనుకోండి. గాలికి బయటికి దారి లేదు, రసంలోనే కరిగిపోతుంది. మూత తీసినప్పుడు బుడగలై లేస్తుంది. బుడగల వైన్ అంటే ఇంతే. మూత ఎక్కడ బిగించారు, ఎంతకాలం ఉంచారు అన్న దగ్గరే షాంపేన్, ప్రొసెక్కో వేరైపోతాయి.

షాంపేన్ ఫ్రాన్స్‌లో ఆ పేరున్న ప్రాంతంలో తయారవుతుంది. అక్కడ ముందు మామూలు వైన్ చేసి, సీసాల్లో నింపి, కొంచెం చక్కెర, కొంచెం ఈస్ట్ వేసి మూత బిగిస్తారు. రెండోసారి పులియడం ఏ సీసాకు ఆ సీసాలోనే జరుగుతుంది. పని అయిపోయాక ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిలా పేరుకుంటుంది. సీసా అమ్మకానికి రావడానికి తక్కువలో తక్కువ 15 నెలలు పడుతుంది, అందులో 12 నెలలు ఆ మడ్డి మీదనే ఉండాలని అక్కడి నియమం. ఒకే ఏడాది పంటతో చేసిన మంచి రకాన్ని 3 ఏళ్లు ఉంచాలి. మడ్డి మీద అన్నాళ్లు పడుకున్న వైన్‌కు దాని వాసన పడుతుంది. తెల్లవాళ్లు దాన్ని కాల్చిన బ్రెడ్ వాసన అంటారు. నాకైతే బేకరీ ముందు నుంచి పోతున్నప్పటి పావ్ వాసన, కొంచెం పులిసిన ఇడ్లీ పిండి వాసన గుర్తొచ్చాయి.

ప్రొసెక్కో ఇటలీది. ఈశాన్యంలో వెనెతో, ఫ్రియులి వెనెత్సియా జూలియా అనే రెండు రాష్ట్రాల్లో తయారవుతుంది. వాళ్లు సీసాలో కాదు, పెద్ద స్టీలు ట్యాంకులో మూత బిగించి పులియబెడతారు. మన పవర్‌లూమ్ కార్ఖానాలో బాయిలర్ చూసినవాళ్లు ఆ ట్యాంకును ఊహించుకోవచ్చు, ఒత్తిడి తట్టుకునే పాత్ర. ఈ పద్ధతికి 1895లో ఫెదెరీకో మార్తినొత్తి అనే ఇటలీ ఆయన పేటెంట్ తీసుకున్నాడు. 1907లో ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ షార్మా దాన్ని బాగుచేశాడు. ఇప్పటికీ ఇటలీవాళ్లు మార్తినొత్తి పేరు ముందు చెప్తారు, ఫ్రెంచివాళ్లు షార్మా పేరు చెప్తారు. ట్యాంకులో పని నెలా రెండు నెలల్లో అయిపోతుంది, ఈస్ట్‌ను వడగట్టేస్తారు. మడ్డి వాసన పట్టడానికి టైమే లేదు. అందుకే పండు వాసన పండు వాసనగానే మిగులుతుంది.

ఇక రుచి. మా తోడల్లుడి కొడుకు పుణెలో ఉంటాడు, వాడి ఇంట్లో ఒకసారి మూడు సీసాలు పక్కపక్కనే తెరిచారు. ఒకటి ప్రొసెక్కో, ఒకటి షాంపేన్, ఒకటి మన నాసిక్‌ది. నేను తలా రెండు గుక్కలు తీసుకున్నా. ప్రొసెక్కోలో ముందు తగిలేది పచ్చ యాపిల్, తర్వాత నాస్‌పతి పండు, వెనకాల ఏదో తెల్లపూల వాసన. బుడగలు కొంచెం పెద్దవి, మెత్తగా నాలుక మీద పేలి తొందరగా పోతాయి. మింగాక నోరు శుభ్రంగా ఉంటుంది, మళ్లీ ఒక గుక్క తాగాలనిపిస్తుంది. షాంపేన్ అట్లా కాదు. పులుపు గట్టిది, బుడగ సన్నది, చాలాసేపు ఉంటుంది, మింగిన తర్వాత కూడా నోట్లో ఏదో మాట్లాడుతూనే ఉంటుంది. సీసా లోపల ఒత్తిడిలోనూ తేడా ఉంది. షాంపేన్‌లో 5 నుంచి 6 అట్మాస్ఫియర్లు ఉంటే ప్రొసెక్కోలో చాలావరకు అంతకంటే తక్కువ.

నాలాంటివాడికి అర్థమయ్యేట్టు చెప్పాలంటే ప్రొసెక్కో పొద్దున దించిన కల్లు, షాంపేన్ పాత ఊరగాయ. ఒకటి తాజాదనం కోసం, ఒకటి వయసు కోసం. పెద్దది చిన్నది అని తూకం వేయడం నాకు సరిగా తోచదు. ధర మాత్రం షాంపేన్‌కే ఎక్కువ, అన్నేళ్లు సీసాను కాపలా కాయాలి కదా.

మిగిలినవాటి గురించి రెండు ముక్కలు. స్పెయిన్ వాళ్ల కావా షాంపేన్ లాగే సీసాలో పులుస్తుంది, కానీ ద్రాక్షలు వేరు, కనీసం 9 నెలలు ఉంచితే చాలు. ఇటలీలోనే ఆస్తి అనే ఇంకో రకం ఉంది, బాగా తియ్యన, మత్తు తక్కువ, మన ఆడవాళ్లు ఒప్పుకుంటే అదొక్కటే ఒప్పుకుంటారేమో.

సీసా మీద రాత గురించి కూడా చెప్పాలి, ఇక్కడే అందరూ మోసపోతారు. "ఎక్స్‌ట్రా డ్రై" అంటే తీపి అసలు లేనిది అనుకుంటాం. కాదు. "బ్రూట్" అన్నదానిలో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటుంది. "ఎక్స్‌ట్రా డ్రై"లో 12 నుంచి 17, ఉత్త "డ్రై"లో 17 నుంచి 32 గ్రాములు. అంటే డ్రై అని రాసి ఉన్నదే వీటన్నిటికంటే తియ్యన! రైల్వే టారిఫ్ పుస్తకం కూడా ఇంత తిరకాసుగా ఉండదు. మత్తు సుమారు 11 శాతం, బీరుకు రెండింతలు. "అది దారు కాదు" అన్న తమ్ముళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ఇటలీ పల్లెల్లో పాత పద్ధతి ప్రొసెక్కో ఇంకొకటి ఉంది, కోల్ ఫోందో అంటారు. సీసాలోనే పులుస్తుంది, మడ్డి తీయరు, మబ్బుగా ఉంటుంది. దాని వర్ణన చదివినప్పుడు నాకు మా సేలం కల్లే కనిపించింది.

ఇప్పుడు "సంఘం గ్రూపులో దారు ఫోటోలేంది" అన్న పెద్దల మాటకు వస్తా. వాళ్ల కోపం ఊరికే వచ్చింది కాదు. మిల్లు జీతం వచ్చిన రోజు ఇంటికి చేరని మగవాళ్లను మన వీధుల్లో చూశాం, బీడీలు చుట్టి సంసారం లాగిన తల్లులను చూశాం. సోలాపూర్ చరిత్రలోనే మత్తుకు ఒక పెద్ద అధ్యాయం ఉంది. 1930 మేలో గాంధీగారిని అరెస్టు చేశాక ఊరు అట్టుడికింది. మే 8న జనం రూపాభవాని వైపు శెంది చెట్లు నరకడానికి పోయారు. శెంది అంటే ఈతకల్లు. ఆ చెట్ల మీద సర్కారుకు ఆబ్కారీ పన్ను వచ్చేది, చెట్టు నరికితే సర్కారు ఖజానా మీద గొడ్డలి పడ్డట్టే. పోలీసులు కాల్పులు జరిపారు, శంకర్ శివదారే అనే యువకుడు చనిపోయాడు. ఊరు తిరగబడింది, మార్షల్ లా వచ్చింది. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్ అనే నలుగురిని యెరవడ జైలులో ఉరితీశారు. చార్ హుతాత్మ విగ్రహాల ముందు నుంచి మనం రోజూ పోతాం. ఆ కథ శెంది చెట్ల దగ్గర మొదలైందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

మా సేలం కథా అంతే. 1937లో రాజాజీ మద్యనిషేధం మొదలుపెట్టింది మా జిల్లాలోనే. 1971లో కల్లు దుకాణాలు మళ్లీ తెరిచారు, 1974కల్లా మూసేశారు. అప్పట్లో నేను బడికి పోయే దారిలో కల్లు దుకాణం ఉండేది. వాసనతోనే టైము చెప్పేవాణ్ణి.

అయితే ద్రాక్ష మనకు పరాయిది కాదు. మన నాన్నజ్ గ్రామానికి చెందిన నానాసాహెబ్ కాళే గారు సోనాకా అనే పొడుగు ద్రాక్ష రకాన్ని కనిపెట్టారు, అది మన జిల్లాకే గర్వం. బుడగల వైన్ కూడా మన రాష్ట్రంలో కొత్తది కాదు. 1980లలోనే శ్యామ్‌రావ్ చౌగులే గారు నారాయణ్‌గావ్‌లో ఫ్రాన్స్‌కు చెందిన పైపర్ హైడ్‌సీక్ వాళ్ల సాయంతో సీసా పద్ధతిలో తయారు చేశారు. విదేశాలకు ఒమర్ ఖయ్యామ్ పేరుతో పోయేది, ఇక్కడ మార్కీస్ ద పాంపదూర్ పేరుతో అమ్మారు. తర్వాత నాసిక్‌లో సులా, షాందాన్ వాళ్లు వచ్చారు. ఇంకా దగ్గరికి వస్తే మన అక్లూజ్. అక్కడ మోహితే పాటిల్ అన్నదమ్ములు, ఢిల్లీ సేఖ్రీ అన్నదమ్ములు, ఇటలీ సెక్కి అన్నదమ్ములు కలిసి ఫ్రతెల్లి అని పెట్టారు. ఆ మాటకు ఇటాలియన్‌లో అన్నదమ్ములు అనే అర్థం. ద్రాక్ష మొక్కలు విదేశం నుంచి తెప్పించారు, వైన్ చేసే పెద్దాయన పియెరో మాసి ఇటలీలోని తొస్కానావాడు. బుడగల రకం కూడా చేస్తారు. కానీ దాన్ని ప్రొసెక్కో అనరు, అనకూడదు.

ఎందుకు అనకూడదు? మగ్గం మీద బతికినవాళ్లు కొంచెం ఆగి చదవాల్సింది ఇదే.

2009 వరకు ప్రొసెక్కో అనేది ద్రాక్ష పేరు. ద్రాక్ష పేరైతే ఎవరైనా ఎక్కడైనా పండించి ఆ పేరుతోనే అమ్ముకోవచ్చు. ఇటలీవాళ్లు ఆ ఏడాది ఒక ఎత్తు వేశారు. ద్రాక్షకు గ్లేరా అనే పాత పేరు తిరిగి పెట్టారు. త్రియెస్తె పక్కన ప్రొసెక్కో అనే ఊరు ఉంది, దాన్ని కూడా హద్దులో కలిపి ప్రొసెక్కో అంటే ప్రాంతం పేరు అని చట్టం చేశారు. అందులో కనీసం 85 శాతం గ్లేరా ఉండాలన్నారు. ఆస్ట్రేలియా రైతులు అప్పటికే ఆ ద్రాక్ష నాటి ఉన్నారు. "మాకు అమ్మినప్పుడు ద్రాక్ష పేరు, ఇప్పుడు ఊరి పేరా?" అని వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయినా ఇటలీవాళ్ల సంఘం దేశదేశాల్లో వకీళ్లను పెట్టి కొట్లాడింది. 2023లో సింగపూర్ పై కోర్టులో గెలిచింది. క్రొయేషియావాళ్ల ప్రోషెక్ అనే తీపి వైన్ పేరు దగ్గరగా వినిపిస్తుందని దాని మీదా అభ్యంతరం పెట్టింది.

మన చాదర్‌కు 2005లో జీఐ గుర్తింపు వచ్చింది. చెన్నైలో ఉన్న అదే ఆఫీసులో షాంపేన్ పేరు కూడా నమోదై ఉంది. కాగితం మీద సోలాపూర్ చాదర్, షాంపేన్ ఒకే బెంచీ మీద కూర్చున్నాయి. కానీ షాంపేన్ అని రాసి ఇంకెవరైనా అమ్మితే నోటీసు వస్తుంది. పానిపత్‌లో నేసిన పలుచని చాదర్ మీద సోలాపురి అని ముద్ర వేసి పండరిపూర్ మెట్ల మీదే అమ్ముతుంటే ఎవరికీ నోటీసు రాదు. కొనేవాడు రెండు ఉతుకులకు రంగు పోయిందని మన ఊరిని తిడతాడు.

ఇటలీలో ప్రతి ప్రొసెక్కో సీసా మూతి మీద నంబరున్న సర్కారు పట్టీ అంటిస్తారు, రైల్వే పార్సిల్‌కు మార్కా వేసినట్టు. సీసా ఎవరిదో ఆ నంబరు చెబుతుంది. నేను ఉద్యోగమంతా పార్సిల్ మార్కాలు రాసినవాణ్ణి. మార్కా లేని మూటకు క్లెయిమ్ దొరకదని నాకు తెలుసు. మన కార్ఖానాదారులు ప్రతి చాదర్ అంచున అట్లాంటి నంబరు పట్టీ కుట్టడానికి ఒక్కో చాదర్‌కు ఎంత ఖర్చవుతుందో, లెక్క తెలిసినవాళ్లు కింద రాయండి. వచ్చే మీటింగుకు ఆ అంకెలు కాగితం మీద తెస్తాను. ఇటలీలో ఉన్న మన పిల్లవాడు ఈసారి గ్లాసు ఫోటోకు బదులు సీసా మెడ మీది పట్టీ దగ్గరగా తీసి పంపితే మంచిది.