పది మంది రోగుల నుంచి పన్నెండు వారాల మాత్రల దాకా

హెపటైటిస్ సి వైద్యం వైరస్ దొరకకముందే మొదలైంది. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో జే హూఫ్‌నేగల్ బృందం 10 మందికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఫలితాలను 1986లో ప్రచురించింది. అప్పటికి ఆ జబ్బును ‘నాన్ ఎ, నాన్ బి’ అనే పిలిచేవారు. వైరసే తెలియనప్పుడు మందు పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి? కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైములే దిక్కు. ఆ 10 మందిలో 8 మందికి అవి త్వరగా దిగివచ్చాయి.

మైకేల్ హాటన్, ఆయన సహచరులు వైరస్‌ను గుర్తించినట్టు ప్రకటించింది 1989లో. అమెరికాలో ఇంటర్‌ఫెరాన్‌కు ఈ జబ్బు కోసం అనుమతి వచ్చింది 1991లో.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు రోగులకు గడ్డుకాలం. మొదట్లో వారానికి మూడు ఇంజెక్షన్లు. 1998లో రైబావిరిన్ అనే మందు తోడైంది. 2001 నుంచి వారానికి ఒక్కటి చాలే పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. సూది పడిన రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు. జుట్టు ఊడేది, తిండి సయించేది కాదు. దిగులు ముదిరి కొందరికి చనిపోవాలన్న ఆలోచనలు వచ్చేవి. రైబావిరిన్ ఎర్ర రక్తకణాలను చితకగొట్టి హిమోగ్లోబిన్‌ను పడేసేది. అందుకే రక్తకణాల లెక్కలు, థైరాయిడ్, మానసిక స్థితి అన్నీ చూస్తూనే ఉండాలి. మన దేశంలో ఎక్కువగా కనిపించే 3వ రకం వైరస్‌కు 24 వారాలు, 1వ రకానికి 48 వారాలు. 12వ వారం పరీక్షలో వైరస్ కనీసం నూరోవంతుకు తగ్గకపోతే సాధారణంగా మందు ఆపేసేవారు. మూడు నెలల యాతన వృథా అని ల్యాబ్ కాగితంలో చదువుకోవడం కంటే క్రూరమైన ఘట్టం ఈ వైద్య చరిత్రలో లేదు. చివరిదాకా ఓర్చుకున్నా 1వ రకంలో సగం మందికి కూడా నయమయ్యేది కాదు.

2013 డిసెంబరులో సోఫోస్‌బువిర్ మాత్రకు అమెరికాలో అనుమతి రావడంతో కథ మారింది. ధర మాత్రం మాత్రకు 1,000 డాలర్లు, 12 వారాలకు 84,000 డాలర్లు. ఇక్కడే హైదరాబాద్ ప్రస్తావన వస్తుంది. 2014 సెప్టెంబరులో ఈ మందు సొంతదారు గిలియడ్ నుంచి లైసెన్సు పొందిన భారతీయ కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటెరో ఒకటి. గిలియడ్ పేటెంటును సవాలు చేసిన మరో హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా 2015 మార్చిలో లైసెన్సు తీసుకుంది. హెటెరో 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు తెచ్చింది. పోటీతో ఆ ధర కూడా దిగింది. చౌక జనరిక్ మందులే లేకపోతే 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఉచిత వైద్యాన్ని తలపెట్టగలిగేదే కాదు.

ఇప్పుడు కాలేయం గట్టిపడే సిర్రోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్, డాక్లటాస్‌విర్ 12 వారాలు ఇస్తారు. అలసట, తలనొప్పి, వికారం రావచ్చు. చాలామంది పనులు మానకుండానే ముగిస్తారు. నయమయ్యే అవకాశం నూటికి 95 దాకా పెరిగింది. జాగ్రత్తంతా ముందే పడాలి. హెపటైటిస్ బి కూడా ఉంటే అది తిరగబెట్టవచ్చు గనుక ఆ పరీక్ష తప్పనిసరి. క్షయకు రిఫాంపిసిన్, గుండె లయకు అమియోడరోన్ వాడుతుంటే వైద్యుడికి ముందే చెప్పాలి.

అసలు తీర్పు మందు ముగిసిన 12 వారాలకు చేసే వైరల్ లోడ్ పరీక్షలో ఉంది. ఒంట్లో బాగానే ఉందని దాన్ని ఎగ్గొట్టేవాళ్లున్నారు. నయమైందో లేదో తేల్చడానికి యాంటీబాడీ పరీక్ష పనికిరాదు, వైరస్ పోయాక కూడా అది పాజిటివ్‌గానే చూపిస్తుంది. యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన రక్షణా ఉండదు. కలుషితమైన సూదితో జబ్బు మళ్లీ సోకవచ్చు. అప్పటికే సిర్రోసిస్ వచ్చినవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు పూర్తిగా తొలగదు. అందువల్ల నయమయ్యాక కూడా వారు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూనే ఉండాలి.