పరీక్ష పత్రంలో ఇంగ్లీషు: ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా

ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌ను మీరు చూసే ఉంటారు. 1834 నాటి ఆ బడి పేరులోనే వ్యాకరణం ఉంది. ఇంగ్లండులో లాటిన్ వ్యాకరణం నేర్పే బడులకు పెట్టిన పేరది.

1887లో ఏర్పడిన నిజాం కళాశాల అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అక్కడి చదువుకు ఇంగ్లీషే దారి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా స్వీకరించినా, ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. దీంతో తెలుగు విద్యార్థికి ఇంట్లో ఒక భాష, తరగతిలో మరొకటి, పరీక్షలో మూడోది ఎదురయ్యాయి.

నేడు పదో తరగతి పరీక్షలు నిర్వహించే కార్యాలయం నాంపల్లిలో ఉంది. మా తరం విడి వాక్యాలను కర్మణి ప్రయోగంలోకి మార్చి మార్కులు తెచ్చుకుంది. సూత్రం కంఠస్థమైతే చాలు, అర్థం తెలియకపోయినా గట్టెక్కేవాళ్లం. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక, చదవని పేరా ఇచ్చి అందులోని తప్పులు దిద్దమన్నారు. ఇక్కడ చదివి అర్థం చేసుకోకుండా వ్యాకరణం అక్కరకు రాదు.

ఈ మార్పు మంచిదే. కానీ ఒకటి గమనించండి: ఇంట్లో ఇంగ్లీషు పుస్తకమే లేని పిల్లకు కొత్త పేరా మరింత కష్టం. సూత్రాన్ని బట్టీ పట్టవచ్చు, చదివే అలవాటును పట్టలేం. అందువల్ల మార్కులను చరిత్ర ఆధారంగా తీసుకునేటప్పుడు, అవి తెలివితోపాటు అవకాశాన్ని కూడా కొలిచాయని మరవకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రం దేన్ని పరీక్షించింది? సూత్రాన్నా, పఠనాన్నా?