తొందర సూదుల కథ

దేవనహళ్లిలో 2008లో విమానాశ్రయం తెరిచాక చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి ఇళ్లకు అమెరికా దగ్గరైంది. అక్కడ పుట్టిన బిడ్డను నెలల పసికందుగానే అవ్వాతాతలకు చూపించడానికి తెస్తున్నారు. బయలుదేరే ముందు అక్కడి డాక్టరు టీకాలు కొంచెం ముందుకు జరుపుతారు.

ఆ జరిపిన లెక్క చూస్తే నవ్వొస్తుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసే టీకా అమెరికాలో మామూలుగా 2, 4, 6 నెలలకు. తొందరుంటే 6 వారాలకే మొదలుపెట్టి, 4 వారాల ఎడంతో ముగించవచ్చు. అంటే 6, 10, 14 వారాలు. చింతామణిలో తల్లీబిడ్డలకు ఇచ్చే తాయి కార్డు మీద ప్రతి బిడ్డకూ ఉండే వరస ఇదే! అక్కడి తొందర ఇక్కడ మామూలు. కోరింత దగ్గు చంపేది ఎక్కువగా నెలల పిల్లల్నే. జబ్బు తిరుగుతున్న చోట ఆగేందుకు వీల్లేక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో మొదలుపెట్టిన టీకా కార్యక్రమం ఈ వరసకు వచ్చింది.

తట్టు టీకా మాత్రం ఇంత సులువుగా లొంగలేదు. 1954లో బోస్టన్‌లో శాస్త్రవేత్త జాన్ ఎండర్స్ దగ్గర పనిచేసే థామస్ పీబుల్స్, డేవిడ్ ఎడ్మన్‌స్టన్ అనే బడిపిల్లవాడి నుంచి ఆ వైరస్‌ను పట్టాడు. పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తట్టు టీకాలో ఉన్నదీ ఆ వైరస్ సంతతే, ఎడ్మన్‌స్టన్-జాగ్రెబ్.

1963లో అమెరికాలో టీకా వచ్చినప్పుడు 9 నెలలకు వేయమన్నారు. చాలామందికి పట్టలేదు. కడుపులో ఉండగా తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు బిడ్డ ఒంట్లో ఇంకా మిగిలి ఉండి, టీకాలోని బలహీన వైరస్‌నూ అణిచేస్తున్నాయి. అందుకని 1965లో 12 నెలలకు, 1976లో 15కు జరిపారు. తర్వాత మళ్లీ 12కు దించారు. కెన్యాలో 1970లలో జరిగిన పరిశీలన వేరే దారి చూపింది: జబ్బు విరివిగా ఉన్న చోట ఏడాది దాకా ఆగితే అంతలోనే తట్టు వచ్చేస్తుంది. 9 నెలలు అలా కుదిరిన బేరం. మన దగ్గర ఇప్పటికీ అదే.

మరి 12 నెలలు నిండని అమెరికా బిడ్డ ఇక్కడికొస్తే? 6 నుంచి 11 నెలల మధ్య ఒక డోసు ముందే వేస్తారు. అది ప్రయాణం వరకే కాపు, లెక్కలోకి రాదు. మొదటి పుట్టినరోజు దాటాక రెండు డోసులూ మామూలుగా పడాల్సిందే.

బాగేపల్లి నుంచి అటు వెళ్లే బిడ్డకూ ఇదే చిక్కు. 9 నెలలకు ఇక్కడ వేసిన తట్టు-రుబెల్లా టీకాను అక్కడి బడులు ఒప్పుకోవు. పైగా అందులో గవదబిళ్లల మందు ఉండదు కాబట్టి మూడూ కలిసిన ఎంఎంఆర్ వేయించాలి. తాయి కార్డు కన్నడలో ఉంటుంది. తేదీలన్నీ ఇంగ్లీషులో రాయించి, డాక్టరు సంతకం పెట్టించుకుని బయలుదేరితే ఇక్కడ వేసిన టీకాలే అక్కడ మళ్లీ వేసే పని కొంత తప్పుతుంది.